కాటా చీటీ మీద రైతు పేరు: ఒక మామిడి మండీ ప్రోగ్రాము ప్రాజెక్టు డైరీ

చిత్తూరులోని ఒక మామిడి మండీలో ఏళ్ళ తరబడి వాడుతున్న బిల్లింగ్ ప్రోగ్రామును ఈ సీజను ముమ్మరమయ్యేలోగా సరిచేసి ఇవ్వడం నేను ఒప్పుకున్న పని. ప్రోగ్రాము విజువల్ బేసిక్ డాట్‌నెట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది. డేటా అంతా ఒక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసు ఫైల్లో ఉంది, లెడ్జర్లు క్రిస్టల్ రిపోర్ట్స్ అనే నివేదికల సాఫ్ట్‌వేరులో వస్తాయి, కాటా చీటీలు తొమ్మిది సూదుల డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద పడతాయి. కాటా గదిలో ఒకటి, గుమాస్తా బల్ల మీద ఒకటి, యజమాని గదిలో ఒకటి, మొత్తం మూడు కంప్యూటర్లు. రైతు ట్రాక్టరులో తోతాపురి కాయ తెచ్చి, లోడుతో ఒకసారి, ఖాళీ బండితో ఒకసారి తూకం వేయించుకుని చీటీ తీసుకుని వెళ్ళిపోతాడు. డబ్బు చేతికి అందేసరికి వారాలు గడిచిపోతాయి. అంతవరకు అతని జేబులో ఉండే ఆధారం ఆ చీటీ ఒక్కటే. అందుకని పని మొదలుపెట్టే ముందే ఒక షరతు పెట్టుకున్నాను: చీటీ మీది అంకె, డేటాబేసులోని అంకె, లెడ్జరులోని అంకె ఎప్పుడు చూసినా ఒక్కటిగానే ఉండాలి.

మే 5

గుమాస్తాకు కొత్తగా కొన్న కంప్యూటరులో ప్రోగ్రాము తెరవగానే, మైక్రోసాఫ్ట్ ఏస్ ఓలెడీబీ 12.0 ప్రొవైడర్ (ప్రోగ్రాముకు యాక్సెస్ ఫైలును తెరిచిపెట్టే భాగం) ఈ యంత్రంలో రిజిస్టర్ కాలేదన్న సందేశం వచ్చి ఆగిపోతోంది. ఇది ఫైలు పాడైపోవడం వల్ల వచ్చే తప్పు కాదు. ప్రోగ్రామును 32 బిట్ పద్ధతిలో కంపైల్ చేశారు, కనుక అది 32 బిట్ ప్రొవైడర్‌నే వెతుక్కుంటుంది. కొత్త కంప్యూటరులో ఉన్నది 64 బిట్ ఆఫీసు, దానితో వచ్చినది 64 బిట్ ప్రొవైడర్. పక్కనే 32 బిట్ యాక్సెస్ ఇంజన్ కూడా వేద్దామని చూస్తే, 64 బిట్ ఆఫీసు ఉండగా కుదరదని ఇన్‌స్టాలర్ నిరాకరించింది. పోనీ ప్రోగ్రామునే 64 బిట్‌కు మారుద్దామంటే, 32 బిట్ ఆఫీసు ఉన్న మిగతా రెండు కంప్యూటర్లలో ఇదే సందేశం ఎదురవుతుంది.

దీనికి తోడు కాటా గది కంప్యూటరుకు షేర్డ్ ఫోల్డరులో చదివే అనుమతి మాత్రమే ఉంది. యాక్సెస్ ఫైలు తెరిచినప్పుడు దాని పక్కన ఒక లాక్ ఫైలు పుట్టాలి; ఆ ఫోల్డరులో రాసే అనుమతి లేకపోతే అది పుట్టదు, దాంతో కాటా గదిలో రికార్డులు కనిపిస్తాయి గాని కొత్తవి చేరవు. అనుమతి ఇచ్చి అప్పటికి గండం గడిపినా, ముగ్గురు ఒకేసారి రాసే పనికి షేర్డ్ ఫోల్డరులోని యాక్సెస్ ఫైలు తగినది కాదని నా అభిప్రాయం. ఒక కంప్యూటరులో ఉండి అందరికీ డేటా అందించే డేటాబేసు సాఫ్ట్‌వేరు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019కి మారుద్దామని యజమానికి చెప్పాను. ఖర్చు ఎంతని ఆయన అడిగారు. ఎక్స్‌ప్రెస్ ఉచితమనీ, ఒక్కో డేటాబేసు 10 జీబీ దాకా పెరగవచ్చనీ చెప్పాక ఒప్పుకున్నారు.

మే 9

సర్వర్ ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటరులో కనెక్షన్ వెంటనే వచ్చింది. పక్క గదిలోని కాటా కంప్యూటరు నుంచి మాత్రం సర్వర్ గాని ఇన్‌స్టెన్స్ (అందులో నడిచే డేటాబేసు సర్వర్ ప్రతి) గాని దొరకలేదన్న 26వ నంబరు తప్పు వస్తోంది. పింగ్ వెళ్తోంది గదా అని చాలామంది ఇక్కడ ప్రోగ్రామును అనుమానిస్తారు. పింగ్ వెళ్తే యంత్రం మేలుకుని ఉందని మాత్రమే తెలుస్తుంది, డేటాబేసు తలుపు తెరిచి ఉందో లేదో తెలియదు. ఎక్స్‌ప్రెస్‌లో, నెట్‌వర్కు మీద మాట్లాడుకునే టీసీపీ ఐపీ ప్రోటోకాల్ మొదట ఆపివేసి ఉంటుంది; కాన్ఫిగరేషన్ మేనేజరులో దాన్ని ఆన్ చేసి సర్వీసును మళ్ళీ మొదలుపెట్టాలి. ఆపైన పేరున్న ఇన్‌స్టెన్స్ ప్రతిసారీ ఒకే పోర్టు (నెట్‌వర్కులో తలుపు నంబరు లాంటిది) మీద వింటుందన్న నమ్మకం లేదు; అది ఏ పోర్టులో ఉందో చెప్పేది ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్రౌజర్ అనే సర్వీసు, అది యూడీపీ 1434 మీద జవాబిస్తుంది. నేను బ్రౌజర్ మీద ఆధారపడకుండా ఇన్‌స్టెన్స్‌కు 1433 పోర్టును స్థిరంగా ఇచ్చి, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టును తెరిచి, సర్వర్ కంప్యూటరు ఐపీ చిరునామా మారిపోకుండా రౌటరులో కట్టేశాను.

పరీక్షకు యూడీఎల్ ఫైలు చాలా ఉపయోగపడింది. డెస్క్‌టాప్ మీద ఒక ఖాళీ టెక్స్ట్ ఫైలు చేసి, దాని ఎక్స్‌టెన్షన్‌ను యూడీఎల్ అని మార్చి డబుల్ క్లిక్ చేస్తే కనెక్షన్ పరీక్షించే కిటికీ తెరుచుకుంటుంది. అక్కడ కనెక్షన్ కుదిరి ప్రోగ్రాములో కుదరకపోతే తప్పు మన కోడ్‌లో ఉన్నట్టు, అక్కడే కుదరకపోతే నెట్‌వర్కులోనో సర్వర్‌లోనో ఉన్నట్టు. ఈ ఒక్క విభజనతో సగం రోజు మిగిలింది.

మే 12

ఈ రోజు బయటపడిన తప్పు నన్ను నిజంగా కలవరపెట్టింది. కనెక్షన్ తెగినప్పుడు ప్రోగ్రాము ఏం చేస్తుందో చూడాలని, పరీక్ష చీటీ ఒకటి సేవ్ చేయబోతూ నెట్‌వర్క్ కేబుల్ పీకేశాను. కొంతసేపు ఆగి, సేవ్ అయినట్టు సందేశం చూపించి, చీటీ కూడా ప్రింటు చేసింది. డేటాబేసులో ఆ రికార్డు లేదు. కోడ్ తెరిచి చూస్తే సేవ్ చేసే విధానం మొదట్లోనే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని రాసి ఉంది. అంటే ఏ తప్పు వచ్చినా పట్టించుకోకుండా తరువాతి వాక్యానికి వెళ్ళమని. ఆ తరువాతి వాక్యాలే సేవ్ అయిందన్న సందేశమూ, ప్రింటూ. రైతు చేతిలో చీటీ ఉండి, మండీ లెక్కలో ఆ తూకం లేకపోతే ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నట్టు? ఇదివరకు అలా జరిగిందా అని గుమాస్తాను అడిగాను.

"పోయిన సీజన్లో రెండు మూడు చీటీలు ఎక్కడా దొరకలేదు సార్. రైతులే దొంగ చీటీలు తెచ్చినారని యజమానికి అనుమానం."

ఆ మాట విన్న తరువాత ఆ వాక్యం ప్రోగ్రాములో ఎక్కడెక్కడ ఉందో వెతికి పదకొండు చోట్ల తీసేశాను. ఇప్పుడు తూకం, తరుగు, ధర, రైతు ఖాతా పద్దు, ఈ నాలుగూ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేరతాయి, అంటే పడితే నాలుగూ పడతాయి, లేకపోతే ఒక్కటీ పడదు. ట్రాన్సాక్షన్ కమిట్ (ఖాయం) అయి, రికార్డును డేటాబేసు నుంచి మళ్ళీ చదివిన తరువాతనే ప్రింటు మొదలవుతుంది. తెర మీద టైపు చేసిన అంకెలను నేరుగా ప్రింటరుకు పంపే దారి ఇక లేదు. ప్రింటు మధ్యలో కాగితం ఇరుక్కుంటే రికార్డు చెరిగిపోదు, మళ్ళీ ప్రింటు తీయవచ్చు. అయితే ఆ రెండవ కాగితం మీద నకలు అన్న మాట తప్పకుండా పడుతుంది. దొరకని ఆ చీటీల సంగతి యజమానికి నేనే స్వయంగా వివరించాను. ఆయన ఆ రైతులను పిలిపించమని గుమాస్తాకు చెప్పారు.

మే 14

వరుసగా పరీక్ష చీటీలు కొడుతూ పోతే వంద దాటగానే ప్రోగ్రాము కదలకుండా ఆగి, పదిహేను సెకన్ల తరువాత, పూల్ (మళ్ళీ మళ్ళీ వాడుకోవడానికి ఉంచుకునే కనెక్షన్ల నిల్వ) నుంచి కనెక్షన్ దొరికేలోగా గడువు ముగిసిందన్న సందేశం ఇస్తోంది. వంద అన్న అంకె చూడగానే అనుమానం తీరింది. డాట్‌నెట్‌లో కనెక్షన్ పూల్ గరిష్ఠ పరిమితి 100, ఎదురుచూసే గడువు 15 సెకన్లు. రెండూ మనం మార్చకపోతే ఉండే విలువలు. బేనీషా, తోతాపురి, నీలం, ఇలా రకాన్ని బట్టి ధర తెచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి డేటాబేసు నుంచి చదివే డేటా రీడర్ తెరిచి, ధర చదివిన వెంటనే రిటర్న్ అయిపోతోంది. రీడరును, కనెక్షన్‌ను మూసే వాక్యాలు ఆ రిటర్న్ కింద ఉన్నాయి, అక్కడిదాకా ఎప్పుడూ రాదు. పని ఎలా ముగిసినా వాటంతట అవే మూసుకునేలా రెండింటినీ యూజింగ్ బ్లాకులో పెట్టాను. పరిమితిని వెయ్యికి పెంచితే చాలని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. కారుతున్న కుండ కింద పెద్ద పళ్ళెం పెట్టడం లాంటిదది.

మే 18

పాత డేటాను తరలిస్తున్నాను. ప్రతి నెలా మొదటి పది పన్నెండు రోజుల లెక్క తప్పుతుందనీ, తరువాత దానంతట అదే సర్దుకుంటుందనీ యజమాని మొదటి రోజే చెప్పారు. కారణం ఈ రోజు దొరికింది. పాత కోడ్ తేదీని రోజు, నెల, సంవత్సరం వరుసలో అక్షరాలుగా అతికించి యాక్సెస్‌కు పంపేది. యాక్సెస్ ఎస్‌క్యూఎల్‌లో రెండు హాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని అది అమెరికా పద్ధతిలో, నెల ముందు రోజు తరువాత చదువుతుంది. జూన్ 5 అని పంపితే మే 6గా రాసుకుంది. జూన్ 13 అని పంపితే 13వ నెల లేదు గనుక తిప్పి చదువుకుని సరిగా రాసుకుంది. పన్నెండవ తేదీ దాటాక లెక్క సర్దుకోవడం వెనక ఉన్నది ఇంతే.

చీటీ నంబర్లు వరుసగా ఉండడం ఇక్కడ ఆదుకుంది. నంబరు క్రమంలో పెట్టి చూస్తే, తేదీలు ముందుకు పోతూ పోతూ ఒకచోట నెల వెనక్కి దూకడం స్పష్టంగా కనిపిస్తుంది. అలాంటి రికార్డులన్నిటినీ వేరుచేసి, రోజునూ నెలనూ తిప్పి రాసి, అవి ముందు వెనకల చీటీల తేదీల మధ్య ఒదుగుతున్నాయో లేదో చూశాను. అంతటితో నమ్మకుండా, గుమాస్తా అటక మీద నుంచి దింపించిన పాత కార్బన్ కాపీల కట్టల్లో నుంచి యాభై చీటీలు తీసి ఇద్దరమూ కూర్చుని పోల్చుకున్నాము. యాభైకి యాభై సరిపోయాయి. కొత్త కోడ్‌లో తేదీలన్నీ అక్షరాలుగా కాక, తేదీ విలువలుగానే విడిగా అందే పారామీటర్లుగా వెళ్తాయి.

తేదీల్లోనే ఇంకొక తప్పు ఉంది. జూన్ 1 నుంచి 30 వరకు అని ఎస్‌క్యూఎల్‌లోని బిట్వీన్ (ఈ రెంటి మధ్య) అన్న మాటతో అడిగితే జూన్ 30 అర్ధరాత్రి సున్నా గంటల దాకా ఉన్నవే వస్తాయి, ఆ రోజంతా పడిన తూకాలు జారిపోతాయి. సీజనులో కాటా తెల్లవార్లూ నడుస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. జూన్ 1కి సమానం లేదా ఎక్కువ, జూలై 1 కంటే తక్కువ అని షరతు మార్చాను.

మే 22

క్రిస్టల్ లెడ్జరు నా కంప్యూటరులో తెరుచుకుంటుంది, మండీలో డేటాబేస్ లాగాన్ విఫలమైందంటూ పాస్‌వర్డ్ అడుగుతుంది. రిపోర్టు ఫైలు తనను తయారుచేసిన కంప్యూటరు సర్వర్ పేరును తనలోనే దాచుకుంటుంది. రన్‌టైమ్‌లో మార్చవచ్చు, కాని ప్రతి టేబుల్‌కూ విడిగా మార్చాలి, లోపల సబ్‌రిపోర్టు (రిపోర్టులో ఇమిడిన చిన్న రిపోర్టు) ఉంటే దాని టేబుళ్ళకూ మార్చాలి. పాత కోడ్ సబ్‌రిపోర్టును మరిచిపోయింది. నేను ఆ దారే వదిలేశాను. డేటాను ప్రోగ్రామే తెచ్చి తన మెమరీలోని డేటాసెట్‌లో నింపి రిపోర్టుకు, సబ్‌రిపోర్టుకు అందిస్తుంది. రిపోర్టుకు సర్వర్ సంగతే తెలియనక్కరలేదు.

రిపోర్టును మూసినప్పుడు దాన్ని పూర్తిగా వదిలించే క్లోజ్, డిస్పోజ్ అన్న ఆజ్ఞలు రెండూ పిలవడం కూడా చేర్చాను. పిలవకపోతే తెరిచిన రిపోర్టులన్నీ లోపల లెక్కలోనే ఉండిపోయి, మామూలుగా ఉండే 75 పరిమితిని తాకిన రోజున లోడ్ రిపోర్ట్ విఫలమైందన్న సందేశం వస్తుంది. అప్పుడు అందరూ ఫైలు ఎక్కడ పోయిందా అని వెతుకుతారు.

మే 27

ఇక చీటీ. కాగితం రెండు పక్కలా రంధ్రాలున్న మూడు కాపీల కంప్యూటర్ పేపరు, ఒక్కో చీటీ ఆరు అంగుళాల పొడవు. ప్రింటరు మాత్రం పేజీ అంటే పన్నెండు అంగుళాలనుకుంటోంది. ఒక చీటీ కొట్టి ఇంకొక ఖాళీ చీటీని బయటికి తోసేస్తోంది.

"ప్రతి బండికీ ఒక తెల్లకాగితం పోతా ఉందన్నా, మూడు పెట్టెలు తెప్పిస్తే ఒకటిన్నర చెత్తబుట్టకే," అని కాటా దగ్గర కూర్చునే అబ్బాయి చూపించాడు.

విండోస్ డ్రైవరు గుండా పంపితే ప్రతి చీటీ ఒక బొమ్మలాగా మారి నెమ్మదిగా పడుతుంది, బయట బండ్లు బారులు తీరతాయి. అందుకని డ్రైవరు మార్చకుండా ఉన్నదున్నట్టు పంపే 'రా' (raw) పద్ధతిలో, ప్రింటరుకు అర్థమయ్యే బైట్లనే, అంటే సంఖ్యల రూపంలోని ఆజ్ఞలనే, విండోస్ ప్రింటు వరుసను నడిపే స్పూలరుకు అందించాను. 27, 64 పంపితే ప్రింటరు పాత అమరికలన్నీ మరిచిపోతుంది. 27, 67, 36 పంపితే పేజీ పొడవు 36 వరుసలని తెలుసుకుంటుంది. అంగుళానికి ఆరు వరుసలు, ఆరు అంగుళాలకు 36. చివర 12 పంపితే కచ్చితంగా తరువాతి చీటీ చించే గీత దగ్గర ఆగుతుంది. నికర బరువును లావుగా కొట్టడానికి దాని ముందు 27, 69, వెనక 27, 70. ఒక చీటీ కూడా వృథా కాకుండా ఇరవై పడ్డాయి.

మే 30

అంకెలు బాగున్నాయి, పేరు రాలేదు. ప్రింటరు రోమ్‌లో (అక్షరాల ఆకారాలు శాశ్వతంగా ఉండే చిప్‌లో) తెలుగు అక్షరాలు లేవు. పాత ప్రోగ్రాము రైతు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది. అవి చదవలేక చీటీలు తారుమారైన సందర్భాలున్నాయని అందరూ ఒప్పుకుంటున్నారు. తన పేరు తాను చదువుకోలేని చీటీని రైతు చేతిలో పెట్టడం నాకు సమ్మతం కాదు. కాబట్టి పేరును మాత్రం చుక్కల బొమ్మగా పంపాలని నిర్ణయించాను. డేటాబేసులో పేరు గడిని (కాలమ్) అన్ని భాషల లిపులూ పట్టే ఎన్‌వార్‌చార్ రకంగా పెట్టడం అప్పటికే అయింది. మామూలు వార్‌చార్ రకంలో ఉంటే తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యేది.

విధానం ఇది. పేరును నిర్మలా యూఐ ఫాంటుతో, అంచులు మసకబారకుండా, 24 చుక్కల ఎత్తున్న బిట్‌మ్యాప్ (చుక్కల బొమ్మ) మీద గీయాలి. కొమ్ములూ ఒత్తులూ తెగకుండా పట్టాలంటే అంతకు తగ్గకూడదు. దాన్ని ఎనిమిదేసి చుక్కల మూడు పట్టీలుగా కోసి, ప్రతి పట్టీ ముందు 27, 42, 1 అన్న ఆజ్ఞ, తరువాత నిలువు వరుసల సంఖ్య, తరువాత చుక్కల బైట్లు పంపాలి. అంగుళానికి 120 వరుసల చొప్పున రెండున్నర అంగుళాల పేరుకు 300 వరుసలు. ఆ 300ను 44, 1 అని రెండు బైట్లలో చెప్పాలి, ఒక 256, మిగిలిన 44. సూదుల మధ్య నిలువు దూరం అంగుళంలో 72వ వంతు, అడ్డంగా 120వ వంతు కనుక, గీసేటప్పుడే బొమ్మను అడ్డంగా ఒకటికి మూడింట ఐదు వంతులు సాగదీయాలి. లేకపోతే అక్షరాలు నొక్కేసినట్టు వస్తాయి.

మొదటి ప్రింటులో పేరుకు బదులు నల్లటి కడ్డీల వరుస పడింది. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి కడ్డీలోనూ పైన రెండు చుక్కలు ఖాళీ, కింద ఆరు చుక్కలు నిండుగా ఉన్నాయి. పై సూదికి 128, దాని కిందిదానికి 64, అలా తగ్గుతూ పోతే కింది ఆరు సూదుల మొత్తం 63. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో ప్రశ్నార్థకం సంఖ్య 63! బైట్లను స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) పెట్టి ఆస్కీగా మార్చే దారిలో పంపాను. 127 దాటిన ప్రతి విలువనూ ఆ మార్పిడి ప్రశ్నార్థకంగా చేసేసింది. స్ట్రింగ్ తీసేసి బైట్ అర్రేను నేరుగా పంపితే అక్షరాలు కనిపించాయి, అయితే మూడు పట్టీల మధ్య తెల్ల గీతలున్నాయి. వరుసల దూరం అంగుళంలో ఆరో వంతుగానే ఉండిపోయింది. 27, 51, 24 పంపాను. ఈ ప్రింటరులో అది అంగుళంలో 216 వంతులకు 24, అంటే సరిగ్గా ఎనిమిది చుక్కలు. ప్రింట్ హెడ్ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి కొట్టడం వల్ల పట్టీలు పక్కకు జరగకుండా 27, 85, 1తో ఒకే దిశలో కొట్టించాను. మూడు పట్టీలూ కలిపి అంగుళంలో మూడో వంతు, అంటే మామూలు వరుసలు రెండు; కాబట్టి 36 వరుసల లెక్క చెదరలేదు.

సాయంత్రం ఐదున్నరకు మూడవ కాపీ మీద కూడా క అక్షరం కింద ఉన్న ష వత్తు స్పష్టంగా కనిపించింది.

జూన్ 3

రోజువారీ జాబితా ప్రివ్యూలో నిండుగా వస్తోంది, అక్కడి నుంచి ప్రింటు నొక్కితే పైన ఉండే శీర్షిక మాత్రమే పడుతోంది. ఎన్నవ రికార్డు దాకా గీశామో చెప్పే వేరియబుల్ ప్రివ్యూలోనే చివరికి చేరిపోయింది, ప్రింటు అక్కడి నుంచి మొదలవుతోంది. ప్రతి ప్రింటు మొదలయ్యేటప్పుడు నడిచే బిగిన్‌ప్రింట్ ఈవెంటులో దాన్ని సున్నా చేశాను.

జూన్ 7

చీటీకీ లెడ్జరుకీ ఒక రూపాయి తేడా, అదీ అన్ని చీటీలకూ కాదు. 1,241 కిలోలకు కిలో 6.50 చొప్పున 8,066.50 రూపాయలు, చీటీ 8,066 అంటుంది, లెడ్జరు 8,067 అంటుంది. 1,243 కిలోలకు మాత్రం రెండూ 8,080 అంటాయి. డాట్‌నెట్‌లో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరి సంఖ్యకు పోతుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని రౌండ్ పైకే పోతుంది. పద్ధతి ఏదైనా ఒకటే ఉండాలి గనుక సగాన్ని పైకి తీసుకోవాలని, ఆ అర్ధరూపాయి రైతుకే దక్కాలని యజమానితో మాట్లాడి నిర్ణయించాము. అంతకంటే ముఖ్యమైన మార్పు ఏమిటంటే, సేవ్ చేసేటప్పుడు ఒకసారి లెక్కించిన మొత్తాన్నే రికార్డులో దాచాను. చీటీ, లెడ్జరు రెండూ దాన్ని చదువుతాయి తప్ప మళ్ళీ లెక్కించవు.

జూన్ 10

తెల్లవారుజాము నుంచి బండ్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి 63 చీటీలు పడ్డాయి. ప్రతి పదింటికి ఒకసారి చీటీని, తెరను, లెడ్జరును పక్కపక్కన పెట్టి చూశాను, అన్నీ సరిపోయాయి. పెనుమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చీటీని దూరంగా పట్టుకుని పేరు చదువుకున్నాడు.

"పేరు బాగుండాది నాయనా. ఇంటిపేరు గూడా ఎయ్యి, మా ఊర్లో ఈ పేరోళ్ళు నలుగురుండారు."

రికార్డులో ఇంటిపేరుకూ ఊరికీ గడులున్నాయి, చీటీ మీద చోటు నేనే ఇవ్వలేదు. మధ్యాహ్నం బండ్లు పలచబడ్డాక పేరు బొమ్మ వెడల్పును మూడున్నర అంగుళాలకు పెంచి, 420 నిలువు వరుసలకు 164, 1గా మార్చి, ఇంటిపేరూ పేరూ ఒక బొమ్మలో, ఊరు దాని కింది బొమ్మలో వచ్చేలా చేశాను. ఊరికి ఇంకో రెండు వరుసలు పోయాయి గనుక చీటీ అడుగున మండీ ప్రకటన ఉన్న రెండు వరుసలు తీసేయవలసి వచ్చింది. యజమాని అభ్యంతరం చెప్పలేదు. పెద్దాయన టీ తాగి వచ్చేసరికి నకలు అన్న మాటతో రెండవ చీటీ సిద్ధంగా ఉంది.